లమ్‌దువన్ వదిన నాగరాజు గొట్టం

మా లమ్‌దువన్ వదినకి కోపం వస్తే ముందు చెయ్యి లేస్తుంది, తర్వాత నోరు లేస్తుంది. తక్కిన ఊరంతటికీ నోరు ముందు, చెయ్యి తర్వాత. అందుకే ఆమెతో తగాదాకి దిగినవాడికి తప్పుకునే వ్యవధి ఉండేది కాదు. సూదిమందు బున్‌లూకి ముందు పళ్లు లేవంటే అది ఆమె చలవ. ఊరిపెద్ద తమ్ముడి చెవి ఒకటి కిందికి వేలాడుతుంది, అదీ ఆమె చలవే. నేను ఆమె మొగుడు సవెంగ్‌కి బాబాయి కొడుకుని కాబట్టి, ఒకసారి వీపు మీద పళ్లెం దెబ్బతో బయటపడ్డాను. ఆ పళ్లెం సొట్ట ఇంకా అలాగే ఉంది. చుట్టాలొస్తే అందులోనే వడ్డిస్తుంది.

పుట్టింటివాళ్లు ఆమెకి ఇచ్చిన ఆస్తి ఒక్కటే, నాగరాజు గొట్టం. మూన్ నది పొంగితే మునిగే పల్లపు ఊళ్లు మావి. నీళ్లు తోడే ఆ పొడుగాటి ఇనప గొట్టాన్ని మావాళ్లు ఏటిలో ఉండే నాగరాజు పేరుతోనే పిలుస్తారు. కింద మూతి నీళ్లలో ఉంటుంది, దానిలో రెక్కల చక్రం. గడ్డీగాదం దూరకుండా మూతికి ఊచల బుట్ట. చక్రానికి కట్టిన ఇరుసు గొట్టం పొడుగునా పైకి పోతుంది. అక్కడ చేతి ట్రాక్టరు ఇంజను బిగిస్తే నీళ్లు పైమూతిలోంచి భళ్లున కక్కుతుంది. లమ్‌దువన్ వదిన ఇంజను తాడు ఒక్క గుంజుకి అంటించేది. మా అన్న సవెంగ్ నాలుగుసార్లు గుంజి, చేతులు దులుపుకుని, "నువ్వే రావే" అనేవాడు. అన్న మెతక మనిషి. చేపని కొయ్యడానికి కూడా పక్కింటివాళ్లకి ఇచ్చేవాడు.

వానలు ముదిరాక మావాళ్లకి ఒక దురలవాటు ఉంది. ఎవడి మడి మునిగితే వాడు గట్టు మీద గొట్టం వేసి పక్కవాడి మడిలోకి తోడేస్తాడు. పక్కవాడు ఊరుకుంటాడా? వాడూ గొట్టం తెచ్చి తిరిగి తోడతాడు. పొద్దంతా రెండు ఇంజన్లు గట్టుకి అటూ ఇటూ మొరుగుతుంటాయి, నీళ్లు మాత్రం ఎక్కడివక్కడే. చివరికి ఓపిక లేనివాడు నడుముకున్న గళ్ల తుండు విప్పి ఎదుటివాడి గొట్టం కింద మూతిలోకి విసురుతాడు. తుండు రెక్కలకి చుట్టుకుని ఇంజను ఊపిరాడక చస్తుంది. దీన్ని మా ఊళ్లో తుండు మేపడం అంటారు. తల్లిని తిట్టినా సర్దుకుంటారు కానీ తుండు మేపితే రక్తం చూడందే ఊరుకోరు.

ఆ ఏడు తుండు మేపింది లమ్‌దువన్ వదిన. మేపింది ఖమ్‌సింగ్ గొట్టానికి.

ఖమ్‌సింగ్ గుడి తిరునాళ్లలో కుస్తీకీ గుద్దులాటకీ దిగి ముక్కు అప్పడం చేసుకున్నవాడు. వాడూ మా అన్నా ఒకే బుట్టలో జిగురన్నం తిని పెరిగారు. వాడు అన్నకంటే చిన్న, వరస పెట్టి వదినా అనే పిలిచేవాడు. పిలుపు పిలుపే, నీళ్లు నీళ్లే. పొద్దుటి నుంచి వదిన వాడి మళ్లోకి తోడుతుంటే వాడు తిరిగి తోడుతున్నాడు.

"ఖమ్‌సింగూ, ఆపుతావా, ఆ చప్పిడి ముక్కు ఇంకాస్త చదును చెయ్యనా?"

"చెయ్యొదినా, చెయ్యి. చుట్టం ముక్కు మీద చెయ్యేస్తే పుణ్యమంట!"

వదిన అన్న నడుమున ఉన్న తుండు ఒక్క లాగు లాగింది. పాపం అన్న, లోపలి లాగుతో గట్టు మీద నిలబడిపోయాడు. తుండు వెళ్లి ఖమ్‌సింగ్ గొట్టం మూతిలో పడింది. ఇంజను దగ్గి ఆగింది. ఇంజనుకీ ఇరుసుకీ వేసిన పటకా విప్పకుండానే ఖమ్‌సింగ్ ఊచల బుట్ట పీకి, చెయ్యి లోపలికి పెట్టి తుండు లాగాడు. తుండు వచ్చింది. బిగిసిపోయి ఉన్న పటకా దానితోపాటే వదులైంది, రెక్కలు ఒక్క చుట్టు తిరిగాయి. వాడి రెండు వేళ్లు నీళ్లలో పడ్డాయి.

వాడి అరుపుకి కొంగలు లేచిపోయాయి. గట్టు మీదున్న పార ఎడమచేత్తో ఎత్తి వదిన మీదికి వచ్చాడు. అన్న మధ్యలోకి దూకాడు. పార అన్న పిక్కలో ఎముకదాకా దిగింది. వదిన ఆ పారనే లాక్కుని ఖమ్‌సింగ్ భుజం మీద వేసింది, వాడు బోర్లా పడితే వీపు మీద వేసింది. పడినవాణ్ని కొడుతూనే ఉంటే ఆపడానికి వెళ్లిన ముగ్గురికి తలా ఒకటి తగిలింది. మళ్లో నీళ్లు ఎర్రగా తిరిగాయి. అన్నా వదినా ఖమ్‌సింగూ, ముగ్గురూ ఆ బురదలోనే దొర్లారు.

మా బురదలో ఒక క్రిమి ఉంది. దాని సంగతి మీకంటే నాకు బాగా తెలుసు, ఎందుకంటే జిల్లా ఆసుపత్రిలో దాన్ని పెంచడమే నా ఉద్యోగం. పుండులోంచి ఒంట్లోకి దిగి, చీముగడ్డలు కట్టి, రక్తంలో పడితే వారంలో మనిషిని పాడె ఎక్కిస్తుంది. ఏటా వానల్లో మావాళ్లు దానికి బలౌతూనే ఉంటారు, అయినా గాయం తగిలితే ఆసుపత్రికి రారు. ఆ రోజూ అంతే. ఆసుపత్రికి పోతే పోలీసులొస్తారు, పోలీసులొస్తే ఖమ్‌సింగ్ జైలుకి పోతాడు, వద్దన్నాడు మా అన్న, కాలు చీలి ఉన్నవాడు. సూదిమందు బున్‌లూని పిలిచారు. బున్‌లూ ఒకప్పుడు పట్టణంలో మందుల కొట్లో పెట్టెలు మోసినవాడు. ఆ చదువుతోనే మా ఊరికి డాక్టరయ్యాడు. కుట్లేసి, సూది పొడిచి, రంగురంగులవి కలిపి పొట్లం కట్టిన కట్టమాత్రలు ఇచ్చాడు. మా వైపు కొట్లో కూర పొట్లం అడిగినట్టే కట్టమాత్రలు అడుగుతారు. ఏ మాత్ర ఏమిటో ఇచ్చినవాడికీ తెలీదు, మింగినవాడికీ తెలీదు. అందులో ఒకటి నొప్పినీ వాపునీ మాయ చేస్తుంది. ఒంట్లో కాపలాని నిద్రపుచ్చి, తలుపు తీసి పెడుతుంది. అన్న రెండు రోజులు లేచి తిరిగాడు, మూడోనాడు వణుకుతూ పడ్డాడు. బున్‌లూ మళ్లీ పొడిచాడు, మళ్లీ పొడిచాడు. కాలు తాటిబోదెలా ఊదాక వదిన మొగుణ్ని ట్రాక్టరు తొట్టిలో వేసుకుని మా ఆసుపత్రికి తెచ్చింది. అతన్ని పడుకోబెట్టి, అదే ట్రాక్టరు మీద ఊరికి తిరిగెళ్లి, బున్‌లూ కూర్చునే ముక్కాలి పీటతో వాడి పళ్లు రాల్చి వచ్చింది.

"నీళ్లు పొడిచాడు ఎదవ," అంది ఆసుపత్రి వసారాలో నా ముందు కూలబడి. పీటకాలు ఇంకా చేతిలోనే ఉంది. "సీసాల్లో నీళ్లు. నువ్వా క్రిముల్నే కదా పెంచుతావ్, నరోంగ్? చెప్పు, నీళ్లే కదా?"

"కాదొదినా. అసలు మందే."

"అసలు మందైతే ఎందుకు తగ్గలా?"

చెప్పకపోతే ఆ పీటకాలు ఎటు తిరుగుతుందో తెలుసు కాబట్టి చెప్పాను. "ఆ క్రిమికి రెండు గోడలు. మధ్యలో చిన్న సందు. తిండి లోపలికి రావడానికి గోడల్లో తూములుంటాయి, ఒక్కో తూము ఒక్కో సరుకునే రానిస్తుంది. మందు కూడా ఏదో సందున దూరుతుంది. దూరిన మందుని దూరినట్టే బయటికి కక్కే గొట్టం దానికొకటుంది వదినా. నీ గొట్టం లాంటిదే."

"నా గొట్టం లాంటిదా?" అంది. అంత ఏడుపులోనూ ఆ మాటకి కొంచెం గర్వపడింది, నేను చూశాను.

"అట్టాంటిదే. లోపలి గోడలో పాతుకుని ఉండే ముక్క దాని ఇంజను. ఆ ముక్కకి పైన సందులోకి తలెత్తిన భాగం ఉంది, దాన్లో మందుని ఒడిసిపట్టే గుంటలున్నాయి. బయటి గోడలోంచి పైకి తెరుచుకునేది పొడుగు గొట్టం. రెంటినీ కదలకుండా చుట్టి పట్టుకునే పట్టీలున్నాయి. అన్నీ ప్రోటీన్లే."

"చమురెవడు పోస్తాడు దానికి?"

"చమురక్కర్లా. బయట ప్రోటాన్లని నలుసులు కిక్కిరిసి ఉంటాయి. లోపలికి జారాలని వాటి ఆరాటం. జారే దారి ఆ ఇంజను ముక్కలోంచే. ఒకటి లోపలికి జారితే ఆ ఊపుకి మందు బయటికి పోద్ది. ఇంజను ముక్కలు కూడా మూడు, పక్కపక్కనే. ఒకటి మందుకి నోరు తెరుస్తుంటే రెండోది నొక్కి పడుతుంది, మూడోది పైకి కక్కుతుంది. మళ్లీ వంతు మారుతుంది."

"ఒకే రోట్లో ముగ్గురాడాళ్లు పోట్లేసినట్టు."

"అదే."

నా గదిలో నేను చేసేది ఆ గొట్టాన్ని ముక్కముక్కగా విరిచి చూడటం. గుంటలున్న భాగాన్ని చెడగొడితే మందుని పట్టుకోలేదు. గోడలో పాతుకున్న భాగంలో ఒక్క రేణువు మార్చినా ప్రోటాన్లు జారవు, మందు పట్టుకుని కూడా కక్కలేక చస్తుంది. పట్టీ తీసేస్తే లోపలి ఇంజనుకీ పై గొట్టానికీ లంకె తెగుతుంది. ఏ భాగం పని ఏమిటో ఇలా ఒక్కొక్కటే తేలుతుంది. ఇదంతా గాజు తలుపుల వెనక, చేతులకి రెండేసి తొడుగులేసుకుని, ఊపిరి బిగబట్టి చేసే పని. ఊళ్లో మావాళ్లు నన్ను బురద వండేవాడంటారు.

"ఐతే తుండు మేపండి దానికి," అంది వదిన.

"అదే చూస్తున్నాం వదినా, ఏళ్ల తరబడి."

"ఇన్నేళ్లు జీతాలు మింగి ఒక్క తుండు నెయ్యలేకపోయారా?"

నాకూ ఒళ్లు మండింది. "నేశాం. దాని మూతికి పట్టే తుండు మనిషి కాలేయానికీ చుట్టుకుంటోంది. క్రిమికంటే ముందు మనిషి పోతాడు. మేపమంటావా మీ ఆయనకి?"

పీటకాలు నా చెవి పక్కనుంచి వెళ్లి గోడకి తగిలింది. తర్వాత ఆమె మోకాళ్లలో తల పెట్టుకుని గట్టిగా ఏడ్చింది.

అదృష్టం కొద్దీ ఆ గొట్టం పట్టలేని మందు ఇంకొకటుంది. అది సీసా కట్టి నరంలోకి ఎక్కించేది. అన్న కాలు దిగింది, జ్వరం దిగింది. ఇంటికి పంపేటప్పుడు పెద్ద తెల్ల మాత్రలు నెలల తరబడికి సరిపడా ఇచ్చి, నేనే వాళ్లిద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాను. "ఈ క్రిమికి ఇంకో గొట్టముంది. దాన్ని తిప్పే మీట ఇంకో ప్రోటీను. ఇప్పుడా మీట ఆపు వైపు ఉంది, గొట్టం తిరగట్లా. మాత్రలు నిండుగా పడితే, మీట విరిగేలోపే అన్నీ చస్తాయి. తగ్గించి మింగితే చావకుండా తంటాలు పడతాయి, కోట్లలో ఏదో ఒకదానికి మీట విరిగి నడుపు వైపే ఉండిపోద్ది. ఇక ఆ గొట్టం ఆగదు, ఈ మాత్రలు దానికి పప్పుబెల్లాలు. పూట తప్పకూడదు, మాత్ర తగ్గకూడదు."

"ఒక్కటి తగ్గినా నేను చంపుతా," అంది వదిన. అన్న నవ్వి తలూపాడు.

ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు పిచ్చికోపం వస్తుంది. ఎందుకంటే ఆ సాయంత్రం నుంచే మా అన్న మాత్రలు పంచడం మొదలుపెట్టాడు.

ఖమ్‌సింగ్ చేతి మొండిలోనూ అదే బురద. మడి చివర గుడిసెలో పడి మూలుగుతున్నాడు, జ్వరం వస్తూ పోతూ ఉంది. ఆసుపత్రికి పోతే పోలీసుల భయం, ఊళ్లోకి వస్తే వదిన భయం. కనపడితే వాడి కాలు తీస్తానని ఆమె గుడి ముందు ఒట్టేసి ఉంది. చేపల బుట్ట తీసుకుని వలకి పోతున్నట్టు అన్న రోజూ గుడిసెకి పోయేవాడు. ఒకే బురద, ఒకే జ్వరం, ఒకే మందు, ఇద్దరం సగం సగం అనుకున్నాడు. మా వైపు ఇది వింత కాదు. ఒకే బుట్టలో అన్నం ముద్ద చేసుకుని తినేవాళ్లు కట్టమాత్రలు కూడా అలాగే పంచుకుంటారు. దాచుకుని ఒక్కడే మింగేవాణ్ని పిసినారి అంటారు.

మాత్రలు అయిపోకముందే అన్నకి జ్వరం మళ్లీ వచ్చింది. ఈసారి ఊపిరితిత్తుల్లో, మూత్రపిండాల్లో, రక్తంలో. అతని చీము పళ్లెంలో పూసి మధ్యలో మందు బిళ్ల పెట్టాను. మామూలుగా బిళ్ల చుట్టూ క్రిమి లేని తెల్లటి వలయం కనపడాలి. మర్నాడు చూస్తే క్రిమి బిళ్ల అంచుదాకా మొలిచి ఉంది. మీట విరిగింది. నేను పై అంతస్తులో అన్న మంచం దగ్గరికి పరిగెత్తాను.

"మాత్రలన్నీ మింగావా, అన్నా? నిజం చెప్పు."

వదిన నీళ్ల గిన్నె పట్టుకుని మంచం పక్కనే ఉంది. అన్న ఆమె వంక చూడకుండా నాతోనే అన్నాడు. "సగం ఖమ్‌సింగ్‌కి ఇచ్చాన్రా. వాడికీ అదే జ్వరం కదా."

వదిన చెయ్యి లేచింది. మంచం మీదున్న ఆ మనిషిని చెంప మీద కొట్టింది. నర్సు కేక వేసింది. కొట్టిన చెంప మీదే తన చెంప ఆనించి, "ఒరే, నీకేం పొయ్యేకాలమొచ్చిందిరా," అంటూ పొగిలిపోయింది. అన్న ఆమె జుట్టు మీద చెయ్యి వేశాడు, చెయ్యి ఎక్కువసేపు నిలవలేదు. నరంలోకి మందు ఎక్కుతూనే ఉంది కానీ అప్పటికే చెయ్యి దాటిపోయింది. మర్నాడు పొద్దెక్కేలోపు పోయాడు.

గుళ్లో చితి అంటించి భిక్షువులు ఇంకా చదువుతుండగానే వదిన లేచింది. ఇంటికెళ్లి పార తీసుకుంది. ఆ పారే. మేం పదిమందిమి వెనక పరిగెత్తాం, ముందుకి వెళ్లే ధైర్యం ఎవడికీ లేదు. ఖమ్‌సింగ్ గుడిసె వాకిట్లోనే కూర్చుని ఉన్నాడు, పారిపోలేదు. మొండి చెయ్యి మణికట్టుదాకా నల్లగా ఊది చీము కారుతోంది. ముందు గుడ్డ మీద మాత్రల అట్టలు పేర్చి ఉన్నాయి.

"అన్నకి మళ్లీ తిరగబెట్టిందని విన్నాక మింగలేదొదినా," అన్నాడు. "తిరిగి ఇచ్చేద్దామని దాచా. ఆసుపత్రికి తెచ్చే ధైర్యం లేకపోయింది."

పార పైకి లేచింది. నేను కళ్లు మూసుకున్నాను. దెబ్బ చప్పుడు వినపడింది. కళ్లు తెరిస్తే పార కర్ర వైపు తిరిగి ఉంది, ఖమ్‌సింగ్ నుదురు చిట్లి రక్తం కారుతోంది. వదిన వాడి జుట్టు పట్టి గట్టు పొడుగునా ఈడ్చింది. వాడు లేవబోతే తన్నింది, పడితే ఈడ్చింది.

"నా మొగుడు పంచిన సగం మందు నీ ఒంట్లో ఉందిరా. అది నేలపాలు చేసి చద్దామనుకున్నావా? ఎక్కు ట్రాక్టరు. ఎక్కరా!"

వాడి చీము కూడా నేనే చూశాను. వాడి క్రిమికి మీట విరగలేదు. బిళ్ల చుట్టూ తెల్లటి వలయం, పూర్ణచంద్రుడిలా. వదిన తలుపు గాజులోంచి ఆ పళ్లెం చూసింది.

"ఒకే బురద. ఒకే అట్టలో మాత్రలు. ఈడికెందుకు విరగలా, నరోంగ్?"

"కోట్లలో ఒక్కదానికి విరిగితే చాలు వదినా. అన్న ఒంట్లో విరిగింది. వీడి ఒంట్లో విరగలా. అంతే."

"అంతేనా?"

"అంతే."

ఆమె తన్నిన తన్నుకి తలుపు కింది చెక్క పగిలింది. దాని ఖరీదు నా జీతంలో కోశారు.

సీసాలు అయ్యాక ఖమ్‌సింగ్‌ని మాత్రలతో ఇంటికి పంపారు. పోలీసులకి వదిన ఒక్క ముక్క చెప్పలేదు. వాడికి మాత్రం చెప్పింది. "చివరి మాత్ర మింగిన రోజు నీ కాలు తీస్తా. అందాకా ఒక్క పూట తప్పినా తల తీస్తా." ఇక రోజూ రెండు పూటలా ఆమె వాడి గుడిసె ముందుండేది. వాడు నోరు తెరవడం ఆలస్యమైతే దవడ నొక్కి తెరిచేది. మాత్ర వేసి, నీళ్లు పోసి, ముక్కు మూసి, నాలుక కింద వేలు పెట్టి వెతికేది. కక్కితే చెంప పగలగొట్టి మళ్లీ వేసేది.

"కాస్త మెల్లగా వదినా, పన్ను ఊడుద్ది."

"ఊడితే బున్‌లూకి తోడౌతావ్. ఇద్దరూ కలిసి జావ తాగండి."

నెలలు గడిచి మళ్లీ వానలొచ్చాయి. చివరి మాత్ర రోజు ఊరు ఊరంతా గట్టు మీద ఉంది. ఊరిపెద్ద ఒంట్లో బాలేదని ఇంట్లో పడుకున్నాడు. ఖమ్‌సింగ్ స్నానం చేసి ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చాడు. మాత్ర మింగాడు, నోరు తెరిచి చూపించాడు. తర్వాత గట్టు మీద కూర్చుని కుడికాలు చాపి, పంచె మోకాలిదాకా ఎత్తాడు. అన్నకి పార దిగిన చోటే, సరిగ్గా పిక్క మీద, వేలితో గీత గీసి చూపించాడు.

"కొట్టొదినా. నేను కదల్ను."

వదిన పార ఎత్తింది. ఎత్తి, నా వైపు తిరిగింది.

"నరోంగ్. ఈడి ఒంట్లో అది మొత్తం చచ్చిందా?"

చచ్చిందంటే ఏమౌతుందో అక్కడున్న అందరికీ తెలుసు. నేను మాత్రం ఉన్నదే చెప్పాను. "చెప్పలేం వదినా. ఎముకలోనో ఊపిరితిత్తుల్లోనో నక్కి ఏళ్ల తరబడి ఉండొచ్చు. పైకి తెలీదు."

ఆమె వాడు గీసిన గీత వంక చూసింది.

"ఐతే ఇంకా కాదు," అంది.

అని, ఆ పార తిప్పి నా మోటారు సైకిల్ మీదికి విసిరింది. దీపం బద్దలై ముక్కలు బురదలో పడ్డాయి. ఖమ్‌సింగ్ చాపిన కాలు ముడుచుకోకుండా అలాగే కూర్చుని ఏడుస్తున్నాడు.

"మరెప్పుడొదినా?"

"నరోంగ్ చెప్పినప్పుడు. లే. నీ మళ్లో నీళ్లున్నాయి, గొట్టం పట్టు."

అప్పటి నుంచి ఏటా వానలకి ముందు ఆమె వాణ్ని చొక్కా పట్టి మా ఆసుపత్రికి ఈడ్చుకొస్తుంది. రక్తం తీయిస్తుంది. చచ్చిందా అని అడుగుతుంది, చెప్పలేం అంటాను, మీ చదువులు తగలెయ్య అని తిట్టి వాణ్ని తీసుకుపోతుంది. రెండు మళ్ల నీళ్లూ ఇప్పుడు ఆమె గొట్టమే తోడుతుంది, కాలవలోకి. ఆ పార ఆమె ఇంటి మెట్ల కింద ఆనించి ఉంటుంది. ఏటా దానికి తుప్పు రాల్చి, నూనె రాసి, పదును పెట్టి అక్కడే పెట్టేది ఖమ్‌సింగే.